మెరుగు పెట్టిన చలికాలాలు

మిషిగన్‌లో నవంబరు వచ్చిందంటే పాత కార్లు రోడ్డు మీద కనపడవు. మంచు కరగడానికి రోడ్ల నిండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు ఒక్క చలికాలం తగిలితే చాలు, ముప్ఫై ఏళ్లు కాపాడుకొచ్చిన బండికైనా అడుగు నుంచి తుప్పు అందుకుంటుంది. పైగా ఆ ఉప్పు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతులో, ఉప్పు గని ఉంది. "కార్లు చేసేది పైన, వాటిని తినేది కింద. మా ఊళ్లో రెండు వ్యాపారాలూ ఎప్పుడూ బాగానే నడిచాయి" అనేవారు మా పక్కింటి పెద్దాయన. ఈ జోకు ప్రతి నవంబరులోనూ ఒకసారి వినాల్సిందే.

నేను ఇక్కడికి వచ్చింది 1998లో. కారు రేకుల్ని నొక్కే డైలు డిజైన్ చేసే ఉద్యోగం. పాంటియాక్ ఊరికి దగ్గర్లో ఇల్లు దొరికింది. పెరిగింది మాత్రం విజయవాడ పటమటలో, ఆటోనగర్‌కు కూతవేటు దూరంలో. లారీ బాడీలు కట్టే సుత్తి చప్పుళ్ల మధ్యే ఎక్కాలు బట్టీపట్టినవాణ్ని. అందుకే ఆ మొదటి చలికాలంలో ఒక శనివారం పొద్దున, మంచు పడి వీధంతా గప్‌చిప్‌గా ఉన్నప్పుడు, పక్కింటి గరాజ్ లోంచి టింగు టింగుమని సన్నటి చప్పుడు వినపడితే చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఈ దేశంలో టింకరింగ్ ఎవరు చేస్తున్నారబ్బా అనుకుంటూ వెళ్లి పక్క తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన తలెత్తి చూసి, "చలి లోపలికొస్తోంది. వస్తే రా, లేకపోతే తలుపెయ్" అన్నారు. లోపలికి వెళ్లాను. తర్వాత చాలా చలికాలాలు అక్కడే గడిచాయి.

గరాజ్‌లో ఒక మూల కిరసనాయిలు హీటరు. మధ్యలో దుప్పట్లు కప్పిన కారు. గోడ పొడుగునా మేకులకు వేలాడుతూ, కారు అద్దాల చుట్టూ, తలుపుల మీద బిగించే మెరుపు పట్టీలు రకరకాల పొడుగుల్లో, ఒక్కోదానికి మాస్కింగ్ టేపు ముక్క, దాని మీద పెన్సిలుతో ‘ఎడమ, వెనక, పైన’ అని రాత. ఆయన చేతిలో నా బొటనవేలంత సుత్తి. స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీని బోర్లా పెట్టి, సొట్ట ఉన్నచోట లోపలి వైపు నుంచి కంసాలిలా తడుతున్నారు.

ఆ దుప్పట్ల కింద ఉన్నది మజిల్ కారు. వాటి సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు మధ్యరకం కారులో పెద్ద కారుకు పెట్టే ఇంజన్ని తీసుకొచ్చి కూర్చోబెడితే అదే మజిల్ కారు. ఆ వెర్రి 1964లో, జనరల్ మోటార్స్ కంపెనీలో మా ఊరి పేరే ఉన్న పాంటియాక్ విభాగం చేసిన జీటీఓ అనే కారుతో మొదలైందంటారు. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో అప్పట్లో ఒక కట్టడి ఉండేది. పాంటియాక్ చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్, ఆయన మనుషులు కలిసి 389 ఇంజన్ని టెంపెస్ట్ లెమాన్స్ కారుకు ఒక ‘ఆప్షన్’గా పెట్టి అమ్మేశారు. కట్టడి మోడళ్లకు గానీ ఆప్షన్లకు కాదుగా! మన ఆఫీసుల్లో ఫైళ్లు కదిలించే తెలివే ఇది. మొదటి ఏడాదే 32,450 కార్లు పోయాయి. పెద్దాయనది 1967 మోడల్. దానిలో ఇంజన్ 400 ఘనపు అంగుళాలు.

ఆ కారు పక్కన ‘జీటీఓ, 6.5 లీటర్’ అని ఒక బ్యాడ్జీ ఉంటుంది. 1964 నుంచీ అదే మాట. లెక్క వేస్తే 389 ఘనపు అంగుళాలంటే 6.4 లీటర్లకు కూడా నిండుగా రాదు. "బ్యాడ్జీలో అబద్ధం ఉందని ఎవరో కనిపెట్టారు, బ్యాడ్జీ మార్చడం ఎందుకులే అని ఇంజనే పెంచారు" అని నవ్వేవారాయన. 400 అంగుళాలతో బ్యాడ్జీ నిజమైపోయింది మరి.

ఆయన ఆ కార్లను కొని నడిపినవాడే కాదు, వాటికి పట్టీలు బిగించినవాడు కూడా. జనరల్ మోటార్స్ కార్ల బాడీలు ఫిషర్ బాడీ అనే విభాగం కట్టేది. తలుపు తీస్తే గుమ్మం పట్టీ మీద పాతకాలపు కోచ్ బండి బొమ్మ, ‘బాడీ బై ఫిషర్’ అన్న అక్షరాలు కనపడతాయి. స్కూలు చదువు అవగానే పాంటియాక్‌లోని ఫిషర్ బాడీ ప్లాంటులో చేరారట. నడుముకు గుడ్డ సంచీ, దాని నిండా క్లిప్పులు, చేతిలో రబ్బరు సుత్తి. బాడీ ముందుకు జరుగుతూ ఉంటే పక్కనే నడుస్తూ కిటికీల చుట్టూ పట్టీలు తగిలించి కొట్టుకుంటూ పోవడం. ఆయన ఒప్పుకున్నదే చెబుతున్నాను: ఏ పట్టీ అయినా ఒక్క దెబ్బకు కూర్చోకపోతే రెండో దెబ్బ గట్టిగా వేసేవారు, సొట్ట పడితే పడింది. "నీ కారుకు కూడా నువ్వే బిగించావేమో" అంటే, "తిన్నగా ఉన్నవి నావి, వంకరగా ఉన్నవి సోమవారం పొద్దున షిఫ్టువాళ్లవి" అనేవారు.

బయటి నుంచి చూసేవాళ్లకు కారు మీద మెరిసేదంతా క్రోమే. నాకూ అంతే. దాన్లో నాలుగు జాతులున్నాయని ఆయన దగ్గర తెలిసింది. బంపర్లు ఉక్కువి, వాటి మీద క్రోమ్ పూత. ముందద్దం, వెనకద్దం చుట్టూ ఉండేవి, తలుపుల పైన వాన నీళ్లు పక్కకు జారడానికి ఉండేవి స్టెయిన్‌లెస్ స్టీలు, వాటికి పూతే లేదు, లోపలా బయటా ఒకటే లోహం. తలుపుల కింద పొడుగునా వెళ్లే వెడల్పు పట్టీ అల్యూమినియం, దాని మీద ఆనోడైజింగ్ అనే గట్టి పొర. బ్యాడ్జీలు, వెనక దీపాల చట్రాలు లాంటివి జింకు మిశ్రమంతో పోతపోసినవి, వాటిని ఇక్కడివాళ్లు పాట్ మెటల్ అంటారు, పైన మళ్లీ క్రోమ్. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి చేస్తే వస్తువు పోతుంది. ముందు ఏది ఏదో తేల్చుకోవాలి. అయస్కాంతం పెట్టి చూస్తే చాలనుకుంటాం గానీ అది సగమే చెబుతుంది. ఉక్కుకు గట్టిగా అంటుకుంటుంది, అల్యూమినియానికీ జింకుకూ అంటదు, అంతవరకు సరే. స్టెయిన్‌లెస్‌లోనే రెండు రకాలు. కార్ల పట్టీలకు వాడే రకాల్లో చాలావాటికి అయస్కాంతం అంటుకుంటుంది, వంటింటి గిన్నెల రకానికి దాదాపు అంటదు. కాబట్టి ఆయన ముందు చేత్తో ఎత్తి బరువు చూసేవారు, తర్వాత వెనక్కి తిప్పి చూసేవారు. పూత పూసిన వస్తువైతే వెనక వైపు తన అసలు రంగు దాచుకోలేదు.

ఊడదీయడం దగ్గరే చాలామంది ఓడిపోతారు. అద్దం చుట్టూ ఉండే పట్టీలు క్లిప్పుల మీద కూర్చుంటాయి. ఆ క్లిప్పులు బాడీకి వెల్డింగ్ చేసిన చిన్న మేకు తలల్ని పట్టుకుని ఉంటాయి. చివర కొక్కెంలా వంగి ఉండే చదును పనిముట్టు ఒకటి ఉంది. దాన్ని పట్టీ కిందికి జార్చి, క్లిప్పు ఎక్కడుందో చేతికి తగిలాక పక్కకు లాగాలి. ఎండి రాయిలా అయిన సీలెంట్ ఉంటే వేడిగాలి పట్టి మెత్తబరచాలి. తొందరపడి స్క్రూడ్రైవరు దూర్చి పైకి లేపామా, పట్టీ మడత పడుతుంది. సొట్ట పోతుంది గానీ మడత పోదు. పోయినా దాని గీత ఎండలో కనపడుతూనే ఉంటుంది.

పట్టీ తీశాక కింద ఏముందో చూడ్డం ఆయనకు అసలు ఇష్టం ఉండేది కాదు. వెనకద్దం కింది మూలల్లో ఆకుముక్కలు, మట్టి, తడి చేరి, మేకు తల పెయింటును చీల్చుకుని పైకొచ్చిన చోట తుప్పు పుడుతుంది. పైన పట్టీ మిలమిలా మెరుస్తూనే ఉంటుంది, కింద రేకుకు కన్నాలు పడి నీళ్లు డిక్కీలోకి దిగుతుంటాయి. ఆ కాలం జనరల్ మోటార్స్ కార్లు చాలావాటిలో ఇదే కథ. ఎవరైనా కారు కొంటున్నానని సలహాకొస్తే ఇంజన్ చూడకముందే వెనకద్దం మూల పట్టీ చూడమనేవారు. నా ఉద్దేశంలో ఆయన ఇచ్చిన సలహాలన్నిట్లో డబ్బు మిగిల్చింది ఇదే.

ఇక టింకరింగ్. స్టెయిన్‌లెస్‌కు ఒక పొగరుంది, కొట్టినకొద్దీ గట్టిపడుతుంది. కాలేజీలో దీనికి మేం వక్రరేఖలు గీసి మార్కులు తెచ్చుకున్నాం. పెద్దాయన మాత్రం చెవితో వినేవారు. చప్పుడు సన్నబడిందంటే ఇంక అక్కడ కొట్టొద్దు, రేకు సాగిపోతుంది. ముందు లోపలి నుంచి సొట్టను కొద్దికొద్దిగా పైకి లేపాలి, కింద గట్టి చెక్క దిమ్మో నునుపైన దాగలో ఉండాలి. తర్వాత బయట నునుపు ఆకురాయి తేలిగ్గా ఒకసారి నడపాలి. ఆకురాయి తగిలినచోట తెల్లగా గీత పడుతుంది, తగలని చోటు ఇంకా పల్లంగా ఉందన్నమాట. మళ్లీ తిప్పు, మళ్లీ తట్టు, మళ్లీ ఆకురాయి. నాలుగంగుళాల సొట్ట మీద ఒక మధ్యాహ్నం గడిచిపోయేది. మా ఆఫీసులో ఐదొందల టన్నుల ప్రెస్సు ఒక్క తొక్కుకు తలుపు రేకు దించే పద్ధతి చూసొచ్చి, సాయంత్రం ఇక్కడ ఈ తట్టుడు చూస్తూ కూర్చుంటే నాకు అదో రకం విశ్రాంతి.

ఆకురాయి గీతలు పోవడానికి వాటర్ పేపరు. 320తో మొదలు, 400, 600, 800, 1000 దాకా. నంబరు మారినప్పుడల్లా ముందు నంబరు గీతలకు అడ్డంగా రుద్దాలి, అప్పుడే పాతవి పూర్తిగా పోయాయో లేదో కనపడుతుంది. చివరి నంబరు మాత్రం పట్టీ పొడుగునే రుద్దాలి. ఒక నంబరు దాటేస్తే ఏమవుతుందని మొదట్లో అడిగాను. ఏమీ కాదు, బఫింగ్ చక్రం దగ్గరికి వెళ్లేదాకా తెలీదు, అక్కడ తెలిశాక మళ్లీ మొదటికి రావాలి, అంతే.

బఫింగ్ మోటారు ఆ గరాజ్‌కు గుండెకాయ. ఎనిమిదంగుళాల గుడ్డ చక్రాలు, నిమిషానికి 3,450 చుట్లు. చక్రం అంచు గంటకు ఎనభై మైళ్ల వేగంతో పోతూ ఉంటుంది. నార చక్రానికి నల్ల సబ్బు, కుట్టిన గుడ్డ చక్రానికి స్టెయిన్‌లెస్ కోసం ఆకుపచ్చ సబ్బు, ఆఖరికి వదులు గుడ్డ చక్రానికి తెల్ల సబ్బు. సబ్బు అని నేనంటున్నాను గానీ అది మైనంలో కలిపిన సానపొడి కడ్డీ. అల్యూమినియానికి గోధుమరంగుది, దాని చక్రాలు వేరే డబ్బాలో. స్టీలుకు వాడిన చక్రం అల్యూమినియానికి తగిలించారంటే ఆయనకు కోపం వచ్చేది. ముతక రవ్వ ఒక్కటి చిక్కుకుని ఉన్నా మెత్తటి అల్యూమినియం మీద గీతలు గీసేస్తుందని.

ఆ చక్రం దగ్గర నిలబడే పద్ధతి వేరు. చక్రం మన వైపు కిందికి తిరుగుతుంది. పట్టీని చక్రం నడుము కంటే దిగువనే ఆనించాలి, పట్టీ పై అంచు ఎప్పుడూ తిరుగుడుకు ఎదురు రాకూడదు. వచ్చిందా, చేతిలోంచి లాక్కుని నేలకేసి కొడుతుంది, లేదా మన మీదికే విసురుతుంది. పొడుగు పట్టీల్ని అందుకే చెక్క మీద బిగించి పట్టుకునేవారు. మెడలో గొలుసు, వదులు చొక్కా, వేలాడే చేతులు నిషేధం. గోడ మీద, మోటారుకు సరిగ్గా ఎదురుగా, చక్రం ఎప్పుడో మెలితిప్పి విసిరేసిన ఒక పట్టీని మేకు కొట్టి వేలాడదీశారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఉపన్యాసం ఇవ్వకుండా దాన్ని చూపించేవారు.

మెరుగు పెట్టాక నల్లటి జిడ్డు మిగులుతుంది. గోరువెచ్చటి సబ్బు నీళ్లతో కడిగి, సందుల్లో ఉన్నదాన్ని మొక్కజొన్న పిండి చల్లి గుడ్డతో తుడిస్తే పిండి జిడ్డును పట్టుకుని వచ్చేస్తుంది. మా వంటింట్లో కార్న్‌ఫ్లోర్ డబ్బా కనపడకుండా పోవడం, మా ఆవిడ మంచూరియా చేద్దామని వెతకడం, తర్వాత పక్కింటి వైపు ఒక చూపు చూడటం ఆ రోజుల్లో మామూలే.

అల్యూమినియం పట్టీల సంగతి వేరు. ముప్ఫై ఏళ్ల తర్వాత అవి మసకబారి, పాలు కలిపిన నీళ్ల రంగులోకి వస్తాయి. ఎంత పాలిష్ రుద్దినా లాభం ఉండదు, ఎందుకంటే రుద్దేది లోహాన్ని కాదు, దాని మీద కరెంటు స్నానం పెట్టి పెంచిన ఆక్సైడు పొరని. ఆ పొర గాజంత గట్టిది. దాన్ని తీయడానికి వాళ్లు వాడేది ఓవెన్ క్లీనర్! దాన్లో కాస్టిక్ సోడా ఉంటుంది, పొరను తినేస్తుంది. రబ్బరు తొడుగులు వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, తలుపు బార్లా తీసి, పట్టీ మీద నురగ కొట్టి, కొన్ని నిమిషాలు చూసి, నీళ్లతో కడిగేయాలి. ఎక్కువసేపు ఉంచితే లోహాన్నీ తినడం మొదలుపెట్టి పట్టీ నల్లబడుతుంది. పొర పోయాక అల్యూమినియం చాలా మెత్తన, వాటర్ పేపరుకు ఇట్టే లొంగుతుంది, మోటారు మీద ఒక్క నిమిషంలో అద్దం అవుతుంది.

అక్కడే మా ఇద్దరికీ వాదన వచ్చేది. నాకు అద్దం కావాలి. ఆయనకు వద్దు.

"ప్లాంటులో నా చేతికి వచ్చినప్పుడు ఇవి ఇంత మెరిసేవి కావు" అనేవారు. కొత్త అల్యూమినియం పట్టీలో ఒక మెత్తటి వెలుగు ఉండేదట, మొహం కనపడేది గానీ వెంట్రుకలు లెక్కపెట్టేంత కాదు. స్టెయిన్‌లెస్ కొంచెం ఎక్కువ మెరిసేది, బంపరు అన్నిటికంటే ఎక్కువ. ఒకే కారు మీద మూడు రకాల మెరుపులు. ఇప్పుడు షోలకు తెచ్చే కార్లలో అన్నీ ఒకటే మెరుపు, బోల్టు తలతో సహా. అది ఆయనకు నచ్చేది కాదు. పైగా మోటారు మీద ఎక్కువసేపు పట్టిన పట్టీకి అంచులు కరిగిపోతాయి. డిజైనర్ గీసిన పదునైన గీత గుండ్రంగా అయిపోతుంది. దూరం నుంచి మెరుస్తుంది, దగ్గరికి వెళ్తే సబ్బు బిళ్లలా ఉంటుంది. ఒకసారి పోయిన అంచును ఎవరూ తిరిగి తీసుకురాలేరు. కొన్ని పోటీల్లో జడ్జీలు ఫ్యాక్టరీ కంటే ఎక్కువ మెరిసినందుకు మార్కులు తగ్గిస్తారని చెప్పేవారు, అది చెప్పేటప్పుడు మాత్రం గొంతులో చిన్న సంతోషం.

నేను చాలాకాలం ఒప్పుకోలేదు. కష్టపడి చేసింది కనపడకపోతే ఎందుకు అనేది నా వాదన. తర్వాత మెల్లగా నా కళ్లే మారాయి. ఒక ప్రదర్శనలో ఎవరూ ముట్టని, పాత పెయింటుతో, పాత పట్టీలతో ఉన్న ఒక జీటీఓ చూశాను. పక్కనే లక్ష డాలర్లు పోసి చేయించినదాన్నీ చూశాను. మొదటిదాని దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. ఇప్పటికీ అద్దంలా మెరిసే అల్యూమినియం పట్టీ చూస్తే ‘అయ్యో’ అనిపిస్తుంది. ఇది ఆయన పెట్టిన జబ్బే.

ఆనోడైజింగ్ తీసేసిన పట్టీకి మళ్లీ ఆ పొర పట్టించాలి, లేకపోతే కొన్నాళ్లకే మసకబారుతుంది. గంధకామ్లపు తొట్టిలో పెట్టి కరెంటు పంపే షాపులున్నాయి గానీ ఐదడుగుల పట్టీ పట్టే తొట్టి ఉన్నవి తక్కువ. క్రోమ్ సంగతి ఇంకా కష్టం. మంచి క్రోమ్ అంటే ముందు రాగి, తర్వాత నికెల్, ఆఖర్న పల్చటి క్రోమియం. ఆ తొట్టిలో ఉండే షట్కసంయోజక క్రోమియం ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుంది. 2006లో అమెరికా ప్రభుత్వం కార్మికులు పీల్చే గాలిలో దాని పరిమితిని ఘనపు మీటరుకు 52 మైక్రోగ్రాముల నుంచి 5కు దించింది. దించడం ముమ్మాటికీ మంచిదే. కాకపోతే ఆ ఖర్చు తట్టుకోలేక చిన్నచిన్న ప్లేటింగ్ షాపులు మూతపడ్డాయి. పెద్దాయన కూడా దీన్ని ఎప్పుడూ తిట్టలేదు. ప్లేటింగ్ గదుల్లో పనిచేసిన స్నేహితులు ఆయనకు ఉండేవారు.

జింకు బ్యాడ్జీలది చివరి కష్టం. పూత కిందే చిన్నచిన్న గుంటలు పడి పైకి పొక్కుల్లా లేస్తాయి. పూత తీసేసి, ప్రతి గుంటనూ డ్రెమెల్ అనే చిన్న చేతి మోటారు మొనతో శుభ్రం చేసి, రాగి పట్టించి, రుద్ది, మళ్లీ రాగి పట్టించి, గుంట నిండేదాకా ఇదే. అందుకే పక్క బ్యాడ్జీ ఒక్కదానికి ఆయన బయటి మనిషికి డబ్బిచ్చారు. ఎంతో చెప్పలేదు. చెప్పకపోవడంలోనే అర్థమైంది.

2003 వేసవిలో మా అమ్మ వచ్చింది. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు, అయినా కంచె దగ్గర ఇద్దరూ మాట్లాడుకునేవారు. గరాజ్‌లో షెల్ఫు మీద ఆయన తాతగారి కాలంనాటి ఇత్తడి బ్లో ల్యాంప్ ఒకటి నల్లగా చిలుము పట్టి ఉండేది. అమ్మ దాన్ని అడిగి ఇంటికి తెచ్చి, చింతపండూ ఉప్పూ వేసి తోమి, మర్నాడు పళ్లెంలో పెట్టి పట్టుకెళ్లి ఇచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, "ఏ కంపెనీ కాంపౌండు ఇది?" అన్నారు. నేను అనువాదం చేస్తే అమ్మ నవ్వలేక చచ్చింది. ఆ ఊపులో కారు పట్టీలకు కాస్త సబీనా పొడి వేసి పీచుతో రుద్దితే సరిపోతుందని కూడా సలహా ఇచ్చింది. అది మాత్రం నేను అనువాదం చెయ్యలేదు. చింతపండు పులుపు ఆమ్లమే కాబట్టి ఇత్తడి మీద పనిచేస్తుంది, స్టెయిన్‌లెస్‌కు దానితో పనిలేదు. కానీ తర్వాతి చలికాలంలో గరాజ్‌లో ఒక సీసాలో తుప్పు పట్టిన పాత క్లిప్పులు చింతపండు గుజ్జులో నానుతూ కనపడ్డాయి. ఇండియన్ స్టోరు ఎక్కడుందో ఆయనే కనుక్కున్నారు.

ఈ చలికాలపు చాకిరీ అంతా ఆగస్టు మూడో శనివారం కోసం. డెట్రాయిట్ నుంచి పాంటియాక్ దాకా వెళ్లే వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద 1995 నుంచి ఏటా డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది. అరవైల్లో కుర్రాళ్లు రాత్రిళ్లు సిగ్నలు నుంచి సిగ్నలుకు పందేలు వేసుకున్న రోడ్డు అది. రాయల్ ఓక్‌లో రాయల్ పాంటియాక్ అనే డీలరు జీటీఓలకు ప్రత్యేకంగా పదును పెట్టి అమ్మేవాడు, ఆ కార్లు ఈ రోడ్డు మీదే పేరు తెచ్చుకున్నాయి. ఇప్పుడు అదే రోడ్డు మీద వేల పాత కార్లు నడక వేగంతో పోతూ ఉంటాయి, పక్కన జనం మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. మా పిల్లలు వెనక సీట్లో కూర్చుని చేతులూపేవారు. ఎండకు ఇంజన్ వేడెక్కి, లోపల ఏసీ లేక, ఒళ్లంతా చెమట. జనం ఇంజన్ చప్పుడుకు కేకలు వేసేవారు. పట్టీల్ని చూసి ఎవరూ ఏమీ అనలేదు. ఏళ్ల మీద ఒకే ఒక ముసలాయన, చక్రాల కుర్చీలోంచి ముందుకు వంగి, వెనకద్దం మూల రెండు పట్టీలు కలిసే సందును వేలితో తడిమి, "ఏ ప్లాంటు?" అని అడిగారు. వాళ్లిద్దరూ ఆ సాయంత్రమంతా మాట్లాడుకున్నారు, మేం ఐస్‌క్రీం తిని వచ్చాం.

క్రోమ్ కాలం ఎలా పోయిందో కూడా ఆ జీటీఓలోనే చూడొచ్చు. 1968 మోడల్‌లో ముందువైపు బంపరు ఎండ్యూరా అనే రబ్బరు లాంటి పదార్థంతో, బాడీ రంగులోనే వచ్చింది. కడ్డీతో కొట్టినా సొట్ట పడదని టీవీలో ప్రకటనలు వేశారు. 1973 నుంచి తక్కువ వేగంలో గుద్దుకున్నా దెబ్బతినని బంపర్లు ఉండాలని ప్రభుత్వ నియమం వచ్చింది. అదే ఏడాది పెట్రోలు సంక్షోభం. మిగిలిన మెరుపులు ఒక్కొక్కటే ప్లాస్టిక్కూ నల్ల పెయింటూ అయిపోయాయి. 2009లో జనరల్ మోటార్స్ దివాలా తీసిన ఏడాది పాంటియాక్ పేరునే ఆపేస్తున్నామని ప్రకటించింది. ఆ వారం పెద్దాయన గరాజ్ తలుపు తీయలేదు. తర్వాతి శనివారం తీసి, ఏమీ జరగనట్టు, "ఆ కుడివైపు పట్టీ అందుకో" అన్నారు.

మోకాళ్లు మొరాయించాక ఆయన టెనెసీలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు, కారు కూడా లారీ ఎక్కింది. అక్కడ రోడ్ల మీద ఉప్పు తక్కువని ఫోనులో గొప్పలు చెబుతుంటారు. బఫింగ్ మోటారు, చక్రాల డబ్బాలు, ఆ మెలితిరిగిన పట్టీ నాకిచ్చి వెళ్లారు.

ఈమధ్య ఇక్కడికి దగ్గర్లోని నోవై ఊళ్లో ఉండే మన కుర్రాడొకడు 1969 నాటి షెవర్లే కమారో కారు కొన్నాడు. గుంటూరు వైపువాడు, సాఫ్ట్‌వేరు. ఫొటోలు పంపి, "అంకుల్, పట్టీలన్నీ కొత్తవి దొరుకుతున్నాయి, పాతవి పారేస్తే పోదా?" అని అడిగాడు. కమారోకు దొరకని సామాను లేదు, నిజమే. కానీ ఈ కొత్త రకాలు కొన్ని పల్చటి రేకుతో వస్తాయి, మూలల దగ్గర రెండు పట్టీలు కలవవు, సందులో వేలు దూరుతుంది. మడత పడనివన్నీ దాచిపెట్టు, వెనకద్దం మూల కింద తుప్పు ఎంతుందో ముందు చూసి చెప్పు అన్నాను. చూసి, కాసేపాగి, విచారపు బొమ్మ పంపాడు. పట్టీలు మాత్రం వచ్చే శనివారం తెస్తానన్నాడు. ఓవెన్ క్లీనర్ వాణ్నే కొనుక్కు రమ్మన్నాను. కార్న్‌ఫ్లోర్ కూడా.